ఆరు వైర్లతో 5.1 ధ్వని: ఇంటి హాల్లో మల్టీ ఛానల్ అనలాగ్ ఆడియో అమర్చుకోవడం

పాత డీవీడీ ప్లేయర్‌నో, ఎస్‌ఏసీడీ (సూపర్ ఆడియో సీడీ) ప్లేయర్‌నో వెనక్కి తిప్పి చూస్తే, మామూలు ఎరుపు, తెలుపు సాకెట్ల పక్కనే మరో ఆరు సాకెట్లు గుంపుగా కనిపిస్తాయి. 5.1 ధ్వని అంటే ఎదురుగా ఇరువైపులా రెండు ఫ్రంట్ స్పీకర్లు, మధ్యలో ఒక సెంటర్, చెవుల పక్కన రెండు సరౌండ్‌లు, లోతైన బాస్ కోసం ఒక సబ్ ఊఫర్; ఒక్కొక్కదానికి ఒక్కొక్క సాకెట్. చాలా ఇళ్లలో ఆ ఆరింటికీ దుమ్ము తగిలిందే తప్ప పిన్ను తగలలేదు. గుంటూరు కొరిటెపాడులో మా బావగారింట్లోనూ అంతే. ఏళ్ల తరబడి అటక మీద ఉన్న ప్లేయర్‌ను ఈ వేసవిలో కిందికి దించి, ఆయన రిసీవర్‌కు (స్పీకర్లను నడిపే యాంప్లిఫయర్ పెట్టెకు) ఆరు వైర్లతో కలిపి, రెండు ఆదివారాలు తంటాలు పడి దారికి తెచ్చాము. ఈ వ్యాసంలో ఉదాహరణకు తీసుకున్న కొలతలన్నీ ఆ హాలువే: 16 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు, టైల్స్ నేల, స్లాబు కప్పు, ఇరుకు వైపు గోడకు టీవీ.

ఇది ఎవరికి అవసరం, ఎవరికి అనవసరం

ముందే ఒక మాట చెప్పాలి. మీ ప్లేయర్‌కూ రిసీవర్‌కూ హెచ్‌డీఎంఐ ఉండి, మీరు చూసేవి సినిమాలే అయితే, ఆ ఒక్క వైరు కలిపి ఈ వ్యాసాన్ని పక్కన పెట్టవచ్చు. పైకప్పు నుంచి కూడా ధ్వని వినిపించే డాల్బీ అట్మాస్ కావాలనుకునేవారికీ ఈ దారి పనికిరాదు. అనలాగ్ పద్ధతి 7.1 (ఏడు స్పీకర్లు, ఒక సబ్ ఊఫర్) దగ్గర ఆగిపోతుంది, పైకప్పు ఛానళ్లను అది మోయలేదు.

అయితే హెచ్‌డీఎంఐ లేని కాలపు మంచి రిసీవర్ ఉన్నవారికీ, ఎస్‌ఏసీడీ, డీవీడీ-ఆడియో డిస్కులు దాచుకున్నవారికీ, అసెంబుల్డ్ యాంప్లిఫయర్ చేయించుకున్నవారికీ, కంప్యూటర్ నుంచి నేరుగా 5.1 వినాలనుకునేవారికీ ఈ ఆరు వైర్లే దిక్కు. ఆప్టికల్, కోయాక్సియల్ డిజిటల్ వైర్లు రెండు ఛానళ్ల పీసీఎం (కుదించని డిజిటల్) ధ్వనిని గానీ, కుదించిన డాల్బీ డిజిటల్, డీటీఎస్ ధ్వనిని గానీ తీసుకెళ్తాయి తప్ప, కుదించని ఆరు ఛానళ్లను తీసుకెళ్లలేవు. 1999లో ఎస్‌ఏసీడీ, 2000లో డీవీడీ-ఆడియో మార్కెట్లోకి వచ్చినప్పుడు, ధ్వనిని ప్లేయర్ లోపలే అనలాగ్‌గా మార్చి ఆరు వైర్ల మీద బయటికి పంపే పద్ధతి స్థిరపడడానికి కారణం అదే. 2004 నాటి హెచ్‌డీఎంఐ 1.1తో డీవీడీ-ఆడియోకూ, 2005 నాటి 1.2తో ఎస్‌ఏసీడీకీ ఒకే వైరు దారి దొరికింది. కానీ ఈలోపు అమ్ముడుపోయిన ప్లేయర్లు, రిసీవర్లు ఇప్పటికీ మన ఇళ్లలో బాగానే పనిచేస్తున్నాయి.

అన్నిటికంటే ముందు తెలుసుకోవలసినది

హెచ్‌డీఎంఐ లేదా ఆప్టికల్ ద్వారా వచ్చే ధ్వనికి స్పీకర్ల దూరం, సైజు, క్రాసోవర్ (ఏ హద్దు కింది బాస్‌ను సబ్ ఊఫర్‌కు మళ్లించాలన్నది) వంటి లెక్కలన్నీ రిసీవర్ చూసుకుంటుంది. వెనకవైపు 'మల్టీ ఛానల్ ఇన్' అనో 'ఎక్స్‌టర్నల్ ఇన్' అనో రాసి ఉన్న ఆరు సాకెట్ల గుండా వచ్చే ధ్వని విషయంలో మాత్రం చాలా రిసీవర్లు ఈ లెక్కలేవీ చేయవు. వచ్చిన దాన్ని వచ్చినట్టుగా తీసుకుని, వాల్యూమ్ పెంచి తగ్గించి, స్పీకర్లకు అందిస్తాయి. మైక్ పెట్టి కష్టపడి చేయించిన గది సవరణ కూడా ఈ ఇన్‌పుట్‌లో పనిచేయదు; బాస్, ట్రెబుల్ నాబ్‌లు సైతం కొన్నిటిలో మూగబోతాయి. లెక్క చేసే బాధ్యతంతా ప్లేయర్‌దే కాబట్టి, సెట్టింగులన్నీ ప్లేయర్ మెనూలోనే చేయాలి. మొదటి ఆదివారమంతా మేము రిసీవర్ మెనూలో దూరాలు మార్చుతూ, "ఏమీ తేడా రావడం లేదేమిటి" అనుకుంటూ గడిపింది ఈ ఒక్క విషయం మరిచిపోయినందుకే.

వైర్లు

కావలసినవి ఆరు ఆర్‌సీఏ వైర్లు, అంటే మామూలు ఎరుపు, తెలుపు సాకెట్లకు పెట్టే పిన్నుల వైర్లే. 7.1 అయితే ఎనిమిది. దుకాణంలో 'మల్టీ ఛానల్ కేబుల్' అని అడిగితే దొరకకపోవచ్చు, దొరికినా ధర చెప్పగానే గుండె జారుతుంది. విజయవాడ గవర్నర్‌పేటలో గానీ, మీ వీధి చివరి ఎలక్ట్రానిక్స్ కొట్టులో గానీ పసుపు, ఎరుపు, తెలుపు రంగుల మూడు పిన్నుల ఏవీ కేబుల్ దొరుకుతుంది. కాస్త దళసరి రకం చూసి రెండు జతలు కొంటే ఆరు వైర్లు అయినట్టే. పసుపు పిన్ను వీడియోకు కదా అని సందేహించనక్కరలేదు. రెండు జతల్లోనూ రంగులు ఒకటే కాబట్టి, రెండో జతకు రెండు చివర్లా ఇన్సులేషన్ టేపు చుట్టి గుర్తు పెట్టుకోవాలి. పొడవు మీటరు, మీటరున్నర చాలు. ప్లేయర్‌ను రిసీవర్ మీద పెట్టవద్దు. కింది పెట్టె వేడి పైదానికి తగులుతుంది. గుంటూరు ఎండల్లో రిసీవర్ మీద కనీసం ఒక జానెడు ఖాళీ ఉండాలి.

సాకెట్ల రంగులకు ఒక ప్రమాణం ఉంది. ఎడమ ఫ్రంట్‌కు తెలుపు, కుడి ఫ్రంట్‌కు ఎరుపు, సెంటర్‌కు ఆకుపచ్చ, ఎడమ సరౌండ్‌కు నీలం, కుడి సరౌండ్‌కు బూడిద రంగు, సబ్ ఊఫర్‌కు ఊదా. అన్ని కంపెనీలూ దీన్ని పాటించవు కాబట్టి, రంగును కాక సాకెట్ పక్కన రాసిన అక్షరాలను చదివి కలపడమే క్షేమం. రెండు పెట్టెలూ ఆఫ్ చేసి, ప్లగ్గులు తీసేసి, ఒక వైరుకు ఈ చివర పెట్టిన వెంటనే ఆ చివర కూడా పెట్టి, తరువాతే రెండో వైరు చేతిలోకి తీసుకోవాలి. ఆరూ ఒకవైపు గుచ్చేసి, తరువాత రెండోవైపు వెతుక్కోవడం మొదలుపెడితే పొరపాటు తప్పదు.

మాకు జరిగిందీ అదే. సెంటర్ వైరు, సబ్ ఊఫర్ వైరు అటుదిటు అయ్యాయి. సినిమా పెట్టగానే టీవీ కింద ఉన్న సెంటర్ స్పీకర్ గుడగుడలాడుతోంది. మాటలు మాత్రం గది మూలన, సోఫా పక్కనున్న సబ్ ఊఫర్ నుంచి ముద్దముద్దగా వస్తున్నాయి. బావగారు కాసేపు విని, "ఏమయ్యా, హీరో బిందెలో కూర్చుని మాట్లాడుతున్నాడేమిటి?" అన్నారు. ఈ రెండూ తారుమారైతే చిన్న సెంటర్ స్పీకర్‌కు దాని శక్తికి మించిన బాస్ చేరుతుంది కాబట్టి, మొదటిసారి పెట్టినప్పుడు వాల్యూమ్ బాగా తగ్గించి ఉంచాలి.

ప్లేయర్ నుంచి టీవీకి బొమ్మ వెళ్లే వైరు వేరుగానే ఉంటుంది, దాన్ని కదపనక్కరలేదు. కానీ కొన్ని ప్లేయర్లలో హెచ్‌డీఎంఐ ఆడియో ఆన్‌లో ఉంటే అనలాగ్ ఆరు ఛానళ్లూ ఆగిపోతాయి, లేదా రెండుకు తగ్గిపోతాయి. అలాంటప్పుడు మెనూలో హెచ్‌డీఎంఐ ఆడియోను ఆఫ్ చేయాలి.

స్పీకర్ల స్థానాలు

స్పీకర్ల స్థానాలకు అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ వారి బీఎస్ 775 సిఫారసు ఆధారం. వినేవారికి ఎదురుగా సెంటర్, దానికి ఇరువైపులా 30 డిగ్రీల కోణంలో ఫ్రంట్ స్పీకర్లు, 100 నుంచి 120 డిగ్రీల మధ్య, అంటే చెవులకు పక్కనా కొంచెం వెనకగా సరౌండ్ స్పీకర్లు. మన హాళ్లలో ఇది అచ్చంగా కుదరడం అరుదు. ఒక పక్క గుమ్మం, మరో పక్క కిటికీ, ఇంకో మూల దేవుడి గూడు. బావగారి హాల్లో ఫ్రంట్ స్పీకర్ల మధ్య 8 అడుగులు, సోఫా వాటి వరుసకు 9 అడుగుల దూరంలో పడింది. లెక్క వేస్తే కోణం 24 డిగ్రీలే వచ్చింది. ఫరవాలేదు. ఫ్రంట్ స్పీకర్లను గోడకు ఒక అడుగు ముందుకు లాగి, సోఫా వైపు కాస్త తిప్పితే చాలు. సరౌండ్ స్పీకర్లను మాత్రం పైకప్పు మూలల్లో వేలాడదీయవద్దు. కూర్చున్నవారి చెవి కంటే ఒకటి రెండు అడుగుల ఎత్తు సరిపోతుంది.

స్పీకర్ వైరుకు 14 లేదా 16 గేజ్ రాగి వైరు వాడాలి. ప్లస్సూ మైనస్సూ తారుమారైతే ధ్వని రాకపోవడం ఉండదు, పలచబడుతుంది. అందుకే ఆ తప్పు ఏళ్ల తరబడి ఎవరికీ తెలియదు. పట్టుకోవడానికి ఒక పాత ఉపాయం ఉంది. వైరును రిసీవర్ వైపు విప్పి, ఆ చివర ఒక 1.5 వోల్టుల పెన్సిల్ బ్యాటరీని ఒక్క క్షణం తాకించాలి. ప్లస్సు ప్లస్సుకు తగిలితే ఊఫర్ కోను 'టక్' మని ముందుకు వస్తుంది, తారుమారైతే లోపలికి పోతుంది. ఒకరు బ్యాటరీ తాకిస్తూ ఉంటే మరొకరు జాలీ తీసి, కోను మీద వేలు ఆనీ ఆననట్టు పెట్టి చూస్తే స్పష్టంగా తెలుస్తుంది. సొంత యాంప్లిఫయర్ ఉన్న సబ్ ఊఫర్‌కు ఈ పరీక్ష చేయరాదు.

టైల్స్ నేల, నున్నటి గోడలు ఉన్న హాల్లో మాటలు గలగలమంటాయి. ప్రత్యేకమైన ప్యానళ్లు కొనకముందు సోఫాకూ టీవీకీ మధ్య ఒక దళసరి జంపఖానా పరిచి, కిటికీకి బరువైన తెర వేసి చూడండి.

ప్లేయర్ మెనూ

ఇక్కడే అసలు పని ఉంది. ముందుగా ఆడియో అవుట్‌పుట్‌ను రెండు ఛానళ్ల నుంచి 5.1కు మార్చాలి. పెట్టెలోంచి తీసినప్పుడు చాలా ప్లేయర్లు స్టీరియోలోనే ఉంటాయి. ఎస్‌ఏసీడీ డిస్కు అయితే దానిలో స్టీరియో, మల్టీ ఛానల్ అని రెండు భాగాలు విడివిడిగా ఉండవచ్చు. ఏది పాడాలో కూడా మెనూలోనే చెప్పాలి. రిసీవర్ రిమోట్‌లో ఇన్‌పుట్‌ను మల్టీ ఛానల్‌కు మార్చడం మరిచిపోవద్దు.

తరువాత స్పీకర్ సైజు. 'లార్జ్', 'స్మాల్' అని రెండే మాటలుంటాయి. ఇది పెట్టె కొలత కాదు. లార్జ్ అంటే ఆ స్పీకర్‌కు పూర్తి బాస్ పంపమని, స్మాల్ అంటే దాని బాస్‌ను తీసి సబ్ ఊఫర్‌కు పంపమని అర్థం. మనిషి నడుమెత్తు టవర్ స్పీకర్లు ఉన్నా, సబ్ ఊఫర్ ఉన్నప్పుడు అన్నిటినీ స్మాల్ చేయడమే మంచిదని నా అభిప్రాయం. సెంటర్‌ను, సరౌండ్‌లను అయితే తప్పనిసరిగా చేయాలి. క్రాసోవర్ ఎంచుకునే వీలుంటే 80 హెర్ట్జ్ పెట్టండి. కొన్ని ప్లేయర్లలో అది 100 లేదా 120 దగ్గర స్థిరంగా ఉంటుంది, మనం మార్చలేము. ఏదైనా, సబ్ ఊఫర్ వెనకున్న క్రాసోవర్ నాబ్‌ను మాత్రం ఎక్కువ హెర్ట్జ్ వైపు చివరి దాకా తిప్పి ఉంచాలి, బైపాస్ స్విచ్ ఉంటే ఇంకా మేలు. ప్లేయర్ ఒకసారి, సబ్ ఊఫర్ ఒకసారి కోత పెడితే మధ్యలో కొన్ని స్వరాలు ఎవరికీ చెందకుండా పోతాయి; మృదంగంలో ఎడమ వైపు మోత మాయమైనట్టు అనిపిస్తే మొదట ఈ నాబ్‌నే చూడాలి.

ఇక దూరాలు. దగ్గరి స్పీకర్ ధ్వని ముందుగా, దూరపు స్పీకర్ ధ్వని ఆలస్యంగా చెవికి చేరుతుంది కాబట్టి, దగ్గరి దాన్ని కావాలని ఆలస్యం చేయాలి. కొన్ని ప్లేయర్లు అడుగులో మీటర్లో అడుగుతాయి. అప్పుడు టేపుతో కొలిచి ఉన్నదున్నట్టు వేస్తే సరిపోతుంది. పాత ప్లేయర్లు మిల్లీసెకన్లలో అడుగుతాయి. లెక్క కష్టం కాదు. ధ్వని 20 డిగ్రీల వేడిలో సెకనుకు 343 మీటర్లు ప్రయాణిస్తుంది, అంటే అడుగుకు దాదాపు 0.9 మిల్లీసెకన్లు. సోఫా నుంచి ఫ్రంట్‌కు 10 అడుగులు, సెంటర్‌కు 9, సరౌండ్‌కు 6 అనుకుంటే, అన్నిటికంటే దూరమైన ఫ్రంట్‌కు సున్నా, ఒక అడుగు దగ్గరైన సెంటర్‌కు దాదాపు 1, నాలుగు అడుగులు దగ్గరైన సరౌండ్‌లకు మూడున్నర మిల్లీసెకన్లు పెట్టాలి. గుంటూరులో మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల వేడిలో ధ్వని వేగం సెకనుకు 355 మీటర్లకు పెరుగుతుంది కాబట్టి అడుగుకు 0.86 మిల్లీసెకన్లే పడుతుంది గానీ, ఆ తేడా కోసం ఎండాకాలానికి వేరే లెక్క కట్టనక్కరలేదు.

ఎస్‌ఏసీడీ పాడేటప్పుడు ఈ సైజు, దూరం లెక్కలను అసలు పట్టించుకోని ప్లేయర్లు కూడా ఉన్నాయి. సినిమాలో బాస్ బాగుండి ఎస్‌ఏసీడీలో పలచబడితే, మీ ప్లేయర్ ఆ కోవలోనిది. అప్పుడు దూరాల విషయంలో స్పీకర్లన్నిటినీ వీలైనంత సమదూరంలో పెట్టడం తప్ప మరో దారి లేదు.

ఛానళ్ల మట్టం, సబ్ ఊఫర్ చిక్కు

ప్లేయర్ మెనూలో 'టెస్ట్ టోన్' అనేది ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తే ఒక్కొక్క స్పీకర్ నుంచి వరుసగా 'హుస్స్' మనే శబ్దం వస్తుంది. మొదట ఇది ఏ స్పీకర్ పేరు తెర మీద ఉంటే ఆ స్పీకర్ నుంచే వస్తోందో లేదో చూడడానికి పనికొస్తుంది. తరువాత మీరు కూర్చునే చోట, చెవి ఎత్తులో ఫోన్ పట్టుకుని, ధ్వనిని కొలిచే యాప్‌తో కొలవాలి. వాల్యూమ్‌ను ఫ్రంట్ ఎడమ స్పీకర్ 75 డెసిబెల్ చూపేలా పెట్టి, ఇక దాన్ని ముట్టుకోకుండా మిగతావాటిని ప్లేయర్ మెనూలోనే పెంచుతూ తగ్గిస్తూ ఒక డెసిబెల్ తేడాలోకి తేవాలి. ఫోన్ చెప్పే అంకె నిజమైన 75 కాకపోయినా ఇబ్బంది లేదు, మనకు కావలసింది స్పీకర్ల మధ్య తేడా. అయితే ఫోన్ మైకు లోతైన బాస్‌ను తక్కువగా వింటుంది కాబట్టి, సబ్ ఊఫర్ విషయంలో దాన్ని నమ్మవద్దు.

సబ్ ఊఫర్‌కు మరో చిక్కు ఉంది. సినిమా డిస్కుల్లో '.1' ఛానల్‌ను 10 డెసిబెల్ తక్కువగా రికార్డు చేసి, వినేటప్పుడు అంతే పెంచాలన్నది పద్ధతి. డిజిటల్ వైరు ద్వారా అయితే ఆ పెంపు రిసీవర్‌లో దానంతట అదే జరుగుతుంది. అనలాగ్ వైరులో ప్లేయర్ పెంచి పంపిందా, రిసీవర్ పెంచాలా అన్నది రెండు కంపెనీల మధ్య ఎవరూ తేల్చని వ్యవహారం. అన్నీ సరిచేశాక కూడా బాంబు పేలితే తలుపు వేసినట్టు మాత్రమే వినిపిస్తోందంటే, రిసీవర్ మెనూలో మల్టీ ఛానల్ ఇన్‌పుట్‌కు సబ్ ఊఫర్ స్థాయి అనే అంశం ఉందేమో వెతకండి. ఉంటే దానిలో 0, 5, 10, 15 వంటి అంకెలుంటాయి. 10 పెట్టి చూడండి. అలాంటిది లేకపోతే సబ్ ఊఫర్ వెనక నాబ్‌నే పెంచుకోవాలి. బావగారి రిసీవర్‌లో ఆ అంశం ఉంది. పది పెట్టగానే వంటింట్లో స్టీలు గిన్నెలు మోగాయి, లోపలి నుంచి అక్క అరుపూ వినిపించింది. రెండు మూడు డెసిబెల్ తగ్గించి రాజీపడ్డాము.

గుయ్ మనే శబ్దం

ఆరు వైర్లు అంటే శబ్దం చొరబడడానికి ఆరు దారులు. ఏ డిస్కూ పెట్టకపోయినా స్పీకర్లలో సన్నగా 'గుయ్' మంటుంటే, అది మన కరెంటు 50 హెర్ట్జ్ తాలూకు హమ్మింగ్. ముందుగా గోడలోంచి వచ్చే కేబుల్ టీవీ వైరును సెట్‌టాప్ బాక్స్ నుంచి విప్పి చూడండి. ఆ వైరు వీధి స్తంభాల మీదుగా తన వేరే ఎర్తును మోసుకువస్తుంది, అది మన ఇంటి ఎర్తుతో ఉచ్చు పడుతుంది. మా శబ్దం ఆ వైరు విప్పగానే ఆగిపోయింది. తగ్గకపోతే ప్లేయర్, రిసీవర్, టీవీ, సబ్ ఊఫర్ అన్నిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెట్టి చూడాలి. ఆర్‌సీఏ వైర్లను కరెంటు వైర్లతో కట్ట కట్టవద్దు. తప్పనిసరిగా దాటవలసిన చోట అడ్డంగా దాటించాలి. హమ్మింగ్ పోతుందని మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్తు పిన్ను తీసేయమని ఎవరైనా సలహా ఇస్తే వినవద్దు, అది ప్రాణాపాయం. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడిచేటప్పుడు మాత్రమే బర్రుమంటే, తప్పు వైర్లది కాదు, స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్‌ది.

కంప్యూటర్, అసెంబుల్డ్ యాంప్లిఫయర్

కంప్యూటర్ వెనక ఆకుపచ్చ రంధ్రం ఫ్రంట్‌కు, నారింజ సెంటర్, సబ్ ఊఫర్‌లకు, నలుపు సరౌండ్‌లకు. ఒకవైపు 3.5 మిల్లీమీటర్ల పిన్ను, మరోవైపు రెండు ఆర్‌సీఏ పిన్నులు ఉండే వైర్లు మూడు చాలు. విండోస్ సౌండ్ సెట్టింగుల్లో స్పీకర్లను 5.1గా ఎంచుకోవాలి. నారింజ వైరులో సెంటర్, సబ్ ఊఫర్ తారుమారైతే ఆ రెండు ఆర్‌సీఏ పిన్నులను మార్చి పెట్టాలి.

అసెంబుల్డ్ యాంప్లిఫయర్లలో ఆరు ఛానళ్లకూ ఆరు నాబ్‌లు విడివిడిగా ఉంటాయి కాబట్టి మట్టం సరిచేయడం రిసీవర్ కంటే సులభం. కానీ వాటికి జోడించే చిన్న డీకోడర్ బోర్డుల్లో, నేను చూసినంతవరకు, దూరాల లెక్క గానీ, బాస్ మళ్లింపు గానీ లేదు. ఫ్రంట్‌కు నాలుగంగుళాల స్పీకర్లు పెట్టి అలాంటి బోర్డు నుంచి సినిమా బాస్ ఆశించడం వృథా. కనీసం ఆరున్నర, వీలైతే ఎనిమిది అంగుళాల ఊఫర్ ఉన్న పెట్టెలు చేయించుకోవాలి.

చివరి మెరుగులు

సబ్ ఊఫర్‌కు చోటు వెతకడానికి దాన్నే సోఫాలో, మీరు కూర్చునే చోట పెట్టి, బాస్ ఎక్కువ ఉన్న పాట పాడిస్తూ గది అంచుల వెంట మోకాళ్ల మీద పాకుతూ వినండి. బాస్ ఎక్కడ గట్టిగా, శుభ్రంగా వినిపిస్తే అక్కడ దాన్ని పెట్టాలి. చూసేవారు నవ్వుతారు, నవ్వనివ్వండి. తరువాత వెనకనున్న ఫేజ్ స్విచ్‌ను 0 నుంచి 180కి మార్చి, ఏ స్థానంలో బాస్ నిండుగా ఉంటే అక్కడ వదిలేయాలి.

ఆరు నెలలకోసారి అన్నీ ఆఫ్ చేసి, ప్రతి ఆర్‌సీఏ పిన్నును ఒకసారి లాగి, కొద్దిగా తిప్పుతూ మళ్లీ పెట్టండి. కృష్ణ ఒడ్డున విజయవాడ తేమకూ, గుంటూరు దుమ్ముకూ పిన్నుల మీద పొర పేరుకుని, ఒక ఛానల్ వస్తూ పోతూ ఉంటుంది. లాగే ముందు రెండు పెట్టెల వెనక భాగాన్నీ, ప్లేయర్ మెనూలోని దూరాలు, మట్టాల పేజీలనూ ఫోటో తీసి అచ్చు వేయించి, టీవీ అల్మారా తలుపు లోపల అతికించండి. కరెంటు ఒడిదుడుకులకు ప్లేయర్ మెమరీ చెరిగిపోయిన రోజున, ఫోన్ మారిపోయి ఉన్నా, ఆ అంకెలు అక్కడే ఉంటాయి.